రంగుకు దాచిన నీళ్లు, ఉడకని పప్పు

మా ఇంట్లో నీళ్లు మూడు రకాలుగా ఉండేవి. తాగే నీళ్లు, రంగు నీళ్లు, వాడుక నీళ్లు. మొదటి రెండూ నల్లావే, అంటే కుళాయివి. ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చి, మట్టెవాడలో మా సందు చివరిదాకా చేరేసరికి సన్నటి ధారగా మిగిలేవి. రోజు విడిచి రోజు వచ్చే ఆ ధార కింద ముందు తాగేందుకు బిందెలు నింపేవాళ్లం. ఆ తర్వాత వచ్చే ప్రతి చుక్కా వసారాలోని నీలం డ్రమ్ములోకి వెళ్లేది. అది రంగు డ్రమ్ము. వాడుక నీళ్లు పెరట్లోని బోరువి. స్నానాలూ బట్టలూ గిన్నెలూ వాటితోనే. వంట కూడా వాటితోనే.

మా ఆయన నూలుకు రంగు వేస్తాడు. జంపఖానాలు నేసేవాళ్లు తెల్ల నూలు చిలపలు, అంటే చుట్టిన నూలు కట్టలు, తెచ్చిస్తారు. వాటిని కొప్పెరలో మరిగే రంగులో ముంచి, తిప్పి, పిండి, దండేల మీద ఆరేసి తిరిగిస్తాడు. ఇది మా మామయ్య పని, అంతకుముందు ఆయన తండ్రి పని. ఆ ఇంట్లో మంచి నీళ్లంటే ముందు రంగే గుర్తుకొస్తుంది. నేను కోడలిగా వచ్చిన కొత్తలోనే మా అత్తమ్మ ఆ సంగతి చెప్పింది. "తాగేటియి తాగేటందుకే, రంగుయి రంగుకే. డ్రమ్ముల చెంబు ముంచకు పిల్లా." ఎందుకని నేను అడగలేదు. కొత్త ఇంట్లో అడగాల్సినవి వేరే చాలా ఉన్నాయి.

నేను పరకాల దగ్గరి ఊరి నుంచి వచ్చాను. మా అమ్మావాళ్లు పత్తి చేలో సాళ్ల మధ్య కంది వేస్తారు. ఏటా పప్పు పట్టించి నాకొక బస్తా పంపుతారు. పుట్టింట్లో బావి నీళ్లతో అది వెన్నలా ఉడికేది. ఇక్కడ మాత్రం ఎన్ని విజిళ్లు వచ్చినా మూత తీస్తే నీళ్లు పైన, పలుకులు అడుగున.

"ఏం రాళ్లు పంపిండ్రే మీ అయ్యోళ్లు?" అనేది అత్తమ్మ.

"మా ఇంట్ల మంచిగనే ఉడుకుతది అత్తమ్మా."

"మీ ఇంట్ల ఉడుకుతది, మా ఇంట్ల ఉడకది. అంటే నా పొయ్యిదే తప్పన్నట్టు."

దుకాణం పప్పు తెచ్చిన రోజు కూడా ఉడకలేదు. కానీ అప్పుడు దుకాణదారును తిట్టి ఊరుకునేది. నా పప్పు ఉడకకపోతే మాత్రం పరకాల మొత్తం మాటపడేది.

ఇక నా చదువు సంగతి. పదో తరగతితో ఆపేశాను. మా పాప బడిలో చేరాక మళ్లీ మొదలైంది. బడి వదలడానికి ముందే వెళ్లి ఎండలో నిలబడటం కష్టంగా ఉండేది. దారిలో ఒక చిన్న గ్రంథాలయం కనిపిస్తే ఫ్యాను కోసం లోపలికి వెళ్లాను. మొదట పేపర్లు తిరగేశాను. తర్వాత వారపత్రికలు. ఆ తర్వాత ఒక రోజు బీరువా తలుపు తీయమని అడిగాను. అక్కడ కూర్చునే సార్ పెద్దాయన. తాళంచెవి వెతకడానికి కాసేపు పట్టింది. ఆ బీరువాను అడిగినవాళ్లు అంతగా లేనట్టున్నారు. "ఏ పుస్తకం కావాలమ్మా?" అంటే ఏం చెప్పాలో తెలియక "మొదటిది ఇవ్వండి సార్" అన్నాను. నాకు డిగ్రీ లేదు. అయినా ఆ బీరువాల్లోని తెలుగు పుస్తకాల్లో సగానికి పైగా చదివానని చెప్పుకోవడానికి నేను మొహమాటపడను. చదివింది నాదే, ఎవరూ చదివించలేదు.

కథలతోపాటు వంట గురించీ, ఆహారం గురించీ ఏది దొరికినా చదివాను. చదివింది ఇంట్లో చేసి చూడకపోతే నాకు తోచదు. పోపులో కారం వేసేముందు మంట ఆపేయాలని అక్కడే చదివాను. అంతకుముందు మా ఇంట్లో కారం మాడి అందరం దగ్గేవాళ్లం, అది పోపు లక్షణమే అనుకునేవాళ్లం. ఉల్లిగడ్డలు వేగేటప్పుడు చిటికెడు ఉప్పు వేస్తే తొందరగా మెత్తబడతాయి. నువ్వులు సన్నని మంట మీద, చేయి ఆపకుండా వేయించి, చిటపట మొదలవగానే వేరే పళ్లెంలోకి తీసేయాలి. వేడి మూకుట్లోనే వదిలేస్తే పొడి చేదెక్కుతుంది. ఇవన్నీ చిన్న విషయాలే. కానీ ఒక్కొక్కటీ పనికొచ్చినప్పుడు ఎవరో నా భుజం తట్టినట్టు ఉండేది.

అత్తమ్మకు ఇవేవీ నచ్చేవి కావు, లేదా నచ్చినట్టు కనిపించేది కాదు. నువ్వుల పొడి వేలితో తీసుకుని నాలుక మీద వేసుకునేది. "లైబ్రరీల మూకుడు గూడ పెట్టిండ్రా?" అనేది. పొడి బాగుందో లేదో చెప్పేది కాదు. డబ్బా మాత్రం తొందరగా ఖాళీ అయ్యేది.

ఆమె పళ్లు తీయించుకున్న ఏడాది మా ఇంటి వంట మారింది.

అత్తమ్మకు షుగర్ ఉంది. పళ్లు ఒక్కొక్కటే కదిలి, చిగుళ్లు వాచి, చివరికి మిగిలినవన్నీ తీసేయాలన్నారు. చిగుళ్లు మానాక కట్టుడు పళ్లు పెడతామన్నారు. అప్పటిదాకా మెత్తటి తిండి. అత్తమ్మకు తిండంటే జొన్నరొట్టె, దాంట్లోకి పుంటికూర పప్పు. గోంగూరనే మేము పుంటికూర అంటాం. రొట్టె లేని పూట ఆమె లెక్కలో పస్తే. రాగిజావ ఇస్తే గ్లాసు పక్కకు జరిపేది.

"నేనేమన్న చంటిపోరినా, గీ జావ తాగుకుంట కూసునేటందుకు?"

"చిగుళ్లు మానేదాక అత్తమ్మా. జర తాగు."

"మానినంక తింట తియ్."

అన్నం మెత్తగా పిసికి మజ్జిగ పోసి ఇస్తే నాలుగు ముద్దలు. గుడ్డు వాసనే పడదు. పప్పన్నం పెడితే పలుకులు చిగుళ్ల సందుల్లో గుచ్చుకుని కళ్లలో నీళ్లు తిరిగేవి. మిక్సీలో వేసి ఇచ్చాను. ఉడకని పప్పును మిక్సీ పొడి చేస్తుందే తప్ప మెత్తన చేయదు.

"గిది పప్పా, గోడకు పూసే సున్నమా? నోట్ల ఇసుక లెక్క తలుగుతాంది," అని పళ్లెం దించేసింది.

రోజురోజుకూ తగ్గిపోయింది. చేతికి బిగుతుగా ఉండే గాజులు మోచేతి దాకా జారసాగాయి. ఒకనాడు పొద్దున షుగర్ గోలీ వేసుకుని, జావ రెండు గుక్కలు తాగి, వాకిట్లోకి వెళ్తూ గడప దగ్గర కూలబడింది. నేను పరుగెత్తి పట్టుకునేసరికి ఒళ్లంతా చెమట. నోట్లో చక్కెర వేసి, ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం.

డాక్టరు చిన్నమ్మాయి. ఓపిగ్గా మాట్లాడింది. "పెద్దమ్మా, గోలీ వేసుకొని తినకపోతే ఇట్లనే పడిపోతవ్. తినకపోతే పుండ్లు మానయి. పుండ్లు మానకపోతే పండ్లు కట్టేది ఎట్ల? జావ ఒక్కటి సరిపోదు. బలం ఉండేది తినాలె. పప్పు తిను, మంచిగ మెత్తగ ఉడికించుకొని."

అత్తమ్మ మంచం మీద నుంచే నా వైపు చూసింది. "పప్పు ఉడికితే తినకపోదునా బిడ్డా," అంది డాక్టరుతో.

డాక్టరు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ ఆ మాట పరకాల మీద వేళాకోళం. ఆ రోజు మాత్రం అది నిజంగా ఆకలితో ఉన్న మనిషి మాట. పప్పు ఉడకాలి, ఆమె తినాలి. అది తప్ప ఇంకేదీ నా బుర్రలో లేదు.

మర్నాడు గ్రంథాలయానికి వెళ్లి సార్‌ను నేరుగానే అడిగాను. "పప్పు ఎందుకు ఉడకదో చెప్పే పుస్తకం ఉందా సార్?"

ఆయన ఎగతాళి చేయలేదు. కాసేపు ఆలోచించి లేచారు. ఇంటర్ ఆడపిల్లలు చదివే పాత హోంసైన్సు పాఠ్యపుస్తకం ఒకటి, పిల్లల కోసం రాసిన వంటింటి సైన్సు పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. నేను పప్పు అన్న మాట ఉన్న పేజీ వెతికాను. చిటికెడు వంటసోడా వేస్తే పప్పు తొందరగా మెత్తబడుతుందని ఉంది. అప్పటికే బడి వదిలే వేళ అయింది. పుస్తకం మూసి పరుగెత్తాను.

ఆ సాయంత్రం సోడా వేశాను. ఈసారైనా ఉడకాలని చిటికెడుకు బదులు రెండు చిటికెలు వేశాను. పప్పు నిజంగానే మెత్తబడింది. పచ్చదనం పోయి మట్టి రంగు తేలింది. అత్తమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది.

"పప్పును సబ్బు పెట్టి కడిగినవా?"

మా ఆయన రుచి చూసి పప్పు పక్కకు జరిపాడు. మజ్జిగ కలుపుకున్నాడు. అంతకన్నా చెప్పేదేముంది.

మళ్లీ వెళ్లి సార్‌కు జరిగింది చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే. "అమ్మా, ఆ పేజీ తిప్పినవా?"

తిప్పలేదు. తిప్పితే అవతలి పేజీలో మొదటి వాక్యమే సోడా గురించి. ఎక్కువైతే రుచి పాడవుతుంది, పోషకాలూ పోతాయి, వేయకపోవడమే మేలు. ఆ కింద పప్పు ఉడకకపోవడానికి కారణాలు ఉన్నాయి. పప్పు మరీ పాతదైతే ఉడకదు. పుల్లటిది ముందే కలిపితే ఉడకదు. లవణాలు ఎక్కువై సబ్బు నురగ రాని నీళ్లలోనూ ఉడకదు. ఈసారి పాప కోసం లేవాల్సిన వేళదాకా అదే పేజీ చదివాను. ఒకసారి చదివి అర్థమైందనుకోవడం, మళ్లీ చదివితే అర్థం కాలేదని తెలియడం, ఆ రెండింటి మధ్యే నా చదువంతా గడిచింది.

పులుపు సంగతి చదవగానే నాకు మా కుక్కరు కనిపించింది. మా వైపు పుంటికూర పప్పంటే పప్పు, పుంటికూర, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టడమే. నా పుట్టింట్లోనూ అంతే, అయినా అక్కడ ఎలాగో ఉడికిపోయేది. పుంటికూర పులుపు పప్పును గట్టిగా పట్టి ఉంచుతుందని ఎవరికి తెలుసు? ఆ రోజు నుంచి పప్పు విడిగా, ఆకు విడిగా. పప్పు మెత్తబడ్డాకే మగ్గిన ఆకు కలపడం. టమాట అయినా చింతపండు అయినా అదే పద్ధతి. ముందుగా వేడినీళ్లలో పప్పు నానబెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాను.

పప్పు కొంత మారింది. అత్తమ్మ ఆ పూట గరిటెడు పప్పు తింది. "ఇంక పలుకున్నది," అంది, కానీ పళ్లెం తోసేయలేదు. సగం దారి వచ్చాం.

మిగిలింది నీళ్ల సంగతి. పుస్తకంలోని వాక్యాన్ని కంఠతా పట్టి వచ్చాను. వసారాలో మా ఆయన ఎరుపు రంగు కొప్పెరలో కర్రకు వేసిన చిలపలు తిప్పుతున్నాడు. అత్తమ్మ పక్కనే మంచంలో పడుకుని ఉంది. నేను వాళ్లిద్దరికీ వినిపించేలా చెప్పాను. "సబ్బు నురగ రాని నీళ్లల్ల పప్పు మెత్తబడదట."

మా ఆయన తిప్పడం ఆపలేదు. "బోరు నీళ్లల్ల నురగ ఏడొస్తది? గా నీళ్లు ఎర్రకు పనికిరాయి. రంగు సమంగ పట్టది, మచ్చలు మచ్చలు పడ్తది. గందుకే గద నల్లా నీళ్లు దాస్తం."

అని, కర్ర పట్టుకుని ఆగిపోయాడు. నేను అతని వైపు చూశాను. ఇద్దరం డ్రమ్ము వైపు చూశాం.

నూలుకు పనికిరావని తరాలుగా తెలిసిన నీళ్లతో తరాలుగా పప్పు వండుతున్నాం.

"ఒక్క చెంబు తీస్తే రంగు ఏం తక్కువైతది?" అన్నాడు మా ఆయన, తనలో తను అనుకున్నట్టు.

"డ్రమ్ము ముట్టకుండ్రి," అంది అత్తమ్మ మంచంలోంచి.

నేను ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. ఆమె వచ్చిన కొత్తలో నల్లా ఇంటింటికీ లేదు, వీధి మొదట్లో ఒకటి. అక్కడ లైనులో నిలబడి, కొట్లాడి, బిందెలు మోసుకొచ్చి డ్రమ్ము నింపేది ఆమే. రంగు చెడితే నూలు ఇచ్చినవాళ్లు మళ్లీ గడప తొక్కరు. మామయ్య చేతిలో పని ఉంటేనే పొయ్యి మీదికి వంట గంజు ఎక్కేది. "గా నీళ్లు మాకు బువ్వ పెట్టినయ్ పిల్లా. నేను సుత బోరు నీళ్లతోనే వండిన. ఉడకని పప్పే తిన్న. అప్పుడు పండ్లుండె, నమిలిన."

ఆ చివరి మాటతో ఆమెకే నవ్వొచ్చింది. చేత్తో నోరు మూసుకుంది. పళ్లు పోయిన తర్వాత ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

"ఇప్పుడు పండ్లు లెవ్వు గద అత్తమ్మా," అన్నాను.

ఆమె తల తిప్పి డ్రమ్మును చూసింది. తర్వాత, "తీస్తే తియ్యుండ్రి. ఉడకకపోతే మాత్రం గా బస్తా పరకాలకు వాపస్ పోవాలె," అంది.

నేను కుక్కరు తీయలేదు. కుక్కరులో ఏం జరుగుతుందో కనిపించదు. చిన్న గంజులు రెండు తీసుకున్నాను. రెండింట్లో అదే బస్తాలోని పప్పు, ఒకే కొలత. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో డ్రమ్ము నీళ్లు. స్టవ్వు రెండు పొయ్యిల మీద ఒకేలాంటి మంట. అత్తమ్మ గోడ పట్టుకుని వచ్చి వంటింటి గుమ్మంలో పీట వేసుకుంది. పాప బడి బట్టలతోనే ఆమె పక్కన చేరింది.

"ఏ గిన్నె గెలుస్తది నానమ్మా?"

"మీ అమ్మ గెలుస్తదట. లైబ్రరీల రాసిండ్రట."

చాలాసేపు రెండూ ఒకేలా ఉడికాయి. పుస్తకాల్లో చదివింది తప్పని తేలితే నేను తట్టుకుంటాను, అంతకుముందు తేలినవీ ఉన్నాయి. కానీ ఆ పూట ఆమె మళ్లీ జావ గ్లాసు పక్కకు జరుపుతుందేమోనని భయం. కాసేపటికి డ్రమ్ము నీళ్ల గంజులో పప్పు అంచులు చెదిరి నీళ్లు చిక్కబడ్డాయి. రెండోదాంట్లో నీళ్లు తేటగానే ఉన్నాయి, గింజలు అడుగున తిరుగుతున్నాయి. రెండింట్లోంచీ కొంచెం కొంచెం తీసి, చల్లార్చి, ఏది దేనిదో చెప్పకుండా అత్తమ్మ ముందు పెట్టాను.

ఆమె ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కింది. పలుకు తగిలింది. రెండోది నొక్కింది. వేళ్ల మధ్య ఏమీ మిగల్లేదు. పసుపు ముద్దగా అంటుకుంది. దాన్ని మళ్లీ మళ్లీ నలిపి చూసింది. నూలుకు రంగు పట్టిందో లేదో చూడటానికి పోగును ఇలాగే నలుపుతారు.

"అయితే పరకాల పప్పుది తప్పు లేదన్నట్టు," అంది.

అంతే. ఇన్నేళ్ల తర్వాత మా అమ్మావాళ్ల చేనుకు వచ్చిన క్లీన్ చిట్ అది. నేను మొహం పక్కకు తిప్పుకుని పుంటికూర కడగడానికి కూర్చున్నాను.

ఆ పూట డ్రమ్ము నీళ్ల పప్పును పప్పుగుత్తితో మెత్తగా రుద్ది, విడిగా మగ్గిన ఆకు కలిపి, వెల్లుల్లి పోపు పెట్టాను. అన్నం పిసకబోతుంటే అత్తమ్మ ఆపింది. "రొట్టె చెయ్."

"రొట్టె ఎట్ల తింటవ్?"

"నువ్వు చెయ్. నేను చెప్త."

మరిగే నీళ్లతో పిండి కలిపి రొట్టె చేశాను. పెనం మీద నుంచి తీసీ తీయగానే, చేతులు కాలుతున్నా వేడిమీదే చిన్న ముక్కలుగా తుంచమంది. చల్లారినాక తుంచితే అంచులు గట్టిపడతాయట. ముక్కలన్నీ వేడి పప్పులో వేసి పైన పళ్లెం బోర్లించమంది. తొందరపడి మూత తీయబోతే చేతిమీద కొట్టింది. చివరికి తీసి చూస్తే రొట్టె పప్పు పీల్చుకుని ఉబ్బి, చెంచాతో కోస్తే తెగుతోంది. ఆమె అత్తకు ముసలితనంలో పళ్లు లేవట. అలాగే పెట్టేదట. ఇది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

పళ్లెం ఖాళీ చేసింది. ఇంకొంచెం వేయమంది. మా ఆయన తన పళ్లెం వదిలి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. "ఏంరా, తిననీయవా?" అని కసిరింది.

తర్వాత నల్లా వచ్చిన రోజు నేను అలవాటుగా తాగే బిందెలు నింపి, పైపు డ్రమ్ములో వేయబోయాను. "ఆగు," అంది అత్తమ్మ. ఇత్తడి బిందె ఒకటి చూపించింది. "ముందుగాల గది నింపు. పప్పుకు. రంగు తర్వాత." సందులోని ఆడవాళ్లకు కూడా ఆమే చెప్పింది, పప్పుకు నల్లా నీళ్లే పోయాలని, పులుపు ఆఖరుకు వేయాలని. ఎవరు చెప్పారని అడిగితే మాత్రం, "ఎవలు చెప్పేదేంది, రంగోళ్లకు నీళ్ల సంగతి తెల్వదా," అంది. నేను లోపల్నుంచి విని నవ్వుకున్నాను. ఒక రకంగా అదీ నిజమే. తెలిసిందంతా వసారాలోనే ఉంది. అక్కడి నుంచి వంటింటికి తేవడానికి నాకు ఒక పుస్తకం, తాళంచెవి వెతికి బీరువా తెరిచిన ఒక సార్, పేజీ తిప్పమన్న ఒక మాట కావలసి వచ్చాయి. వాళ్లకూ, చెంబు తీస్తే ఏమవుతుందన్న మా ఆయనకూ, తీయనిచ్చిన ఆమెకూ నేను ఋణపడి ఉన్నాను.

చిగుళ్లు మానాయి. గాజులు మళ్లీ మణికట్టు దగ్గర నిలిచాయి. పళ్లు కట్టించుకుని వచ్చిన మర్నాడు, పప్పు పొయ్యి మీద ఉండగా నేను గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. పాప బడి వదిలేముందు గ్రంథాలయంలో కాసేపు కూర్చునే వేళ అది. అత్తమ్మ పీట జరుపుకుని వచ్చి నా చేతిలోని గరిటె తీసుకుంది. ఇత్తడి బిందెలోంచి చెంబుతో నీళ్లు ముంచి గంజులో పోసింది.

"పో, మళ్ల లైబ్రరీ మూస్తరు," అంది. "పొయ్యి నేను చూస్త. వచ్చేటప్పుడు రొట్టె గురించి ఏమన్న రాసిండ్రేమో సూడు."